ఆ రాత్రి ఇంకొకడు కూడా చూశాడు



తెలుగు దినపత్రికల్లో జిల్లా పేజీలు తిరగేసే అలవాటున్నవాళ్లకు ఒక మాట బాగా పరిచయం. ఎక్కడో ఒక హత్య జరుగుతుంది. శవాన్ని పెరట్లోనో, కొత్తగా కడుతున్న గదిలో గచ్చు కిందో పూడ్చేస్తారు. చంపినవాడే ఏమీ ఎరగనట్టు స్టేషన్‌కు వెళ్లి, మనిషి కనబడటం లేదని ఫిర్యాదు ఇచ్చి వస్తాడు. సంగతి బయటపడ్డ మర్నాడు శీర్షిక సిద్ధం: ‘దృశ్యం సినిమా తరహాలో’. చదివేవాడికి ఇంకేమీ వివరించనక్కర్లేదు. సినిమాకు అవార్డులు రావడం, డబ్బులు రావడం మామూలే. దాని పేరు క్రైమ్ రిపోర్టర్ల పడికట్టు మాటగా స్థిరపడటం మాత్రం అన్ని సినిమాలకూ దక్కేది కాదు.

విచిత్రం ఏమిటంటే, ఆ సినిమాకు రెండో భాగం వచ్చింది, జనం బాగానే చూశారు, మెచ్చుకున్నారు. అయినా ‘దృశ్యం 2 తరహాలో’ అని శీర్షిక పెట్టడం అరుదు. ఇలా ఎందుకయిందన్నదే ఈ పూట ప్రసంగానికి విషయం. రెండు సినిమాల్లోనూ కీలకమైన రహస్యాలన్నీ మాటల్లో బయటపడతాయి కాబట్టి, ఇంకా చూడనివాళ్లు ఎవరైనా ఉంటే రేడియో గొంతు కాసేపు తగ్గించుకోవచ్చు.

మొదటి ‘దృశ్యం’ మలయాళంలో 2013 డిసెంబరు 19న విడుదలయింది. రాసిందీ తీసిందీ జీతూ జోసెఫ్. నిర్మాత ఆంటోనీ పెరుంబావూర్. జార్జ్‌కుట్టిగా మోహన్‌లాల్, భార్య రాణిగా మీనా. ఇడుక్కి కొండల్లోని ఒక పల్లె, అక్కడ కేబుల్ టీవీ నడుపుకునే ఒక మనిషి. చదువు నాలుగో తరగతితో సరి. రాత్రిళ్లు ఇంటికి పోకుండా కేబుల్ ఆఫీసులోనే కూర్చుని, వచ్చిన ప్రతి సినిమా చూస్తాడు. ఒక ఊరాయనకు హెబియస్ కార్పస్ పిటిషన్ వేయమని సలహా ఇస్తాడు. అదెక్కడ నేర్చుకున్నావంటే, సినిమాలో చూశానంటాడు. ఇంట్లో అనవసరంగా లైటు వెలిగితే విసుక్కునే పిసినారి. పెళ్లాంతో సరదాలు, పిల్లలతో అలకలు, టీ కొట్టులో కబుర్లు. ఇలా దగ్గర దగ్గర గంటసేపు సినిమా ఏ తొందరా లేకుండా నడుస్తుంది. థియేటర్లో కొందరు ఈలోపే గడియారం చూసుకుని ఉంటారు.

ఆ గంట వృథా పోలేదని తర్వాత తెలుస్తుంది. ఐజీ గీతా ప్రభాకర్ కొడుకు వరుణ్, పెద్దమ్మాయి అంజు స్నానం చేస్తుండగా దొంగచాటుగా ఫోనులో తీసి, ఆ వీడియోతో తల్లీకూతుళ్లను బెదిరిస్తాడు. పెనుగులాటలో అంజు చేతి దెబ్బకు చనిపోతాడు. జార్జ్‌కుట్టి ఆ సమయంలో ఇంట్లో లేడు. తెల్లారి వచ్చి సంగతి విన్నాడు. అక్కణ్ణుంచి సినిమా అంతా ఒకే ప్రయత్నం: ఆగస్టు 2, 3 తేదీల్లో ఆ కుటుంబం ఊళ్లోనే లేదని అందరిచేతా అనిపించడం.

ఇక్కడ కాస్త ఆగి ఆ పనితనం దగ్గరగా చూడాలి. పెళ్లాన్నీ పిల్లల్నీ తీసుకుని తొడుపుళకు వెళ్తాడు. బస్సెక్కుతాడు, హోటల్లో తింటాడు, లాడ్జిలో దిగుతాడు, సినిమా చూస్తాడు. వెళ్లింది మాత్రం హత్య జరిగిన తర్వాత. ఊరికి తిరిగొచ్చాక అవే మనుషుల దగ్గరికి ఏదో పనున్నట్టు ఇంకోసారి వెళ్తాడు. కండక్టరుతో, హోటల్ మనిషితో, లాడ్జి మేనేజరుతో, హాల్లో ప్రొజెక్టరు ఆపరేటరుతో పిచ్చాపాటీ మాట్లాడతాడు. ఆ మాటల మధ్యలో తారీఖును, కూరలో ఉప్పు వేసినంత తేలిగ్గా, ఒక్కసారి వేసి వదిలేస్తాడు. వాళ్లు ఈ కుటుంబాన్ని నిజంగానే చూశారు. కళ్లతో చూసింది కాబట్టి గట్టిగా గుర్తుంది. ఏ రోజు చూశారన్నది ఎవరికి గుర్తుంటుంది? ఆ ఖాళీలో జార్జ్‌కుట్టి తన తేదీ పెట్టేశాడు. పోలీసులు ఎంతమందిని అడిగినా ఒక్కరూ అబద్ధం చెప్పరు, ఒక్కరూ నిజం చెప్పరు. సినిమాకు ఆ పేరు పెట్టింది ఇందుకే.

దీంట్లో మామూలు మనిషికి అందని పరికరం ఒక్కటైనా ఉందా? బస్సు టికెట్టు, హోటల్ బిల్లు, లాడ్జి రిజిస్టరు, సినిమా టికెట్టు. చచ్చినవాడి సిమ్ కార్డు ఇంకో ఫోనులో వేసి, దూరం పోయే లారీలోకి విసిరేయడం. కారును నీళ్లలోకి తోసేయడం. పెరట్లోని ఎరువు గుంత. నెల ఖర్చు లెక్క రాసుకునే ఏ ఇల్లాలైనా ఆ పథకాన్ని మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పగలదు. అసలు భయం అక్కడే పుట్టింది. కేరళ పోలీసు ఉన్నతాధికారుల్లో ఒకరు అప్పట్లోనే, ఈ సినిమా నేరగాళ్లకు పాఠమవుతుందని బహిరంగంగా ఆందోళనపడ్డారు. పత్రికల శీర్షిక కూడా ఆ సులువులోంచి వచ్చిందే.

మొదటి సినిమాలో ఇంకొక బలం ఉంది. దాని పేరు సహదేవన్. కానిస్టేబుల్‌గా కళాభవన్ షాజోన్. అంతకుముందు మిమిక్రీతో, హాస్యపాత్రలతో జనాన్ని నవ్వించిన నటుడు ఇందులో ఒక చిన్నపిల్లను కొట్టి నిజం రాబట్టే మనిషయ్యాడు. తెలుగులో ఆ వేషం రవి కాలేది, వీరభద్రం. ఆ దెబ్బలు చూస్తున్నంతసేపూ, జార్జ్‌కుట్టి చేస్తున్నది తప్పా ఒప్పా అని అడగాలన్న ఆలోచనే ప్రేక్షకుడికి రాదు. పెరట్లో గుంత తవ్వి, కుర్రాడి శవానికి బదులు దూడ కళేబరం బయటికి తీసినప్పుడు ఊరంతా పోలీసుల మీదికి తిరగబడుతుంది, హాలు కూడా. ఒక హత్యను దాచిపెట్టినవాడి పక్షాన వేలమందిని నిలబెట్టడం చిన్న విద్య కాదు. అందులో సగం జార్జ్‌కుట్టి తెలివి, సగం సహదేవన్ బూటు.

ఆఖరి దృశ్యం గురించి చెప్పకపోతే ఈ కథ ముందుకు సాగదు. సినిమా మొదలయ్యింది కొత్త పోలీస్ స్టేషన్‌లో, ముగిసేదీ అక్కడే. కొత్తగా వచ్చిన అధికారి, శవాన్ని ఎప్పటికైనా పట్టుకుంటానని సవాలు చేస్తాడు. ఈ స్టేషనే తమను కాపాడుతుందన్న అర్థంలో జార్జ్‌కుట్టి వినయంగా ఏదో అని, రిజిస్టరులో సంతకం పెట్టి బయటికి నడుస్తాడు. అప్పుడు ఒక్క క్షణం పాతరాత్రి: ఇంకా కడుతున్న స్టేషన్‌లోంచి, చేతిలో పారతో అతను బయటికి వస్తూ ఉంటాడు. శవం ఆ స్టేషన్ గచ్చు కింద ఉంది. పెళ్లానికి తెలియదు, పిల్లలకు తెలియదు, పోలీసులకు తెలియదు. తెలిసింది అతనికీ, టికెట్టు కొన్న మనకీ.

కథ అక్కడితో అయిపోయింది. నిజానికి దానికి తోకేమీ మిగల్లేదు. మలయాళ సినిమాల్లో మొట్టమొదటగా యాభై కోట్ల వసూళ్లు దాటింది ఇదే. ఆ పైన పొరుగు భాషలు వరుస కట్టాయి. తెలుగులో 2014 జూలై 11న వెంకటేశ్ రాంబాబుగా వచ్చింది. దర్శకత్వం ఒకనాటి కథానాయిక శ్రీప్రియ, ఐజీగా నదియా. కన్నడంలో రవిచంద్రన్, తమిళంలో కమల్‌హాసన్ ‘పాపనాశం’, హిందీలో అజయ్ దేవ్‌గణ్. తర్వాత సింహళం, 2019లో చైనా భాష. ఒక ముచ్చట: చిన్న కూతురు అను వేషం మలయాళంలోనూ తెలుగులోనూ తమిళంలోనూ ఎస్తేర్ అనిల్‌దే. మూడు భాషల్లో మూడుసార్లు అదే కథలో దెబ్బలు తిన్నదన్నమాట, పాపం! చైనా సినిమాలో ముగింపు మాత్రం వేరు. నేరం చేసినవాడు దర్జాగా ఇంటికి నడిచి వెళ్లడం అక్కడి తెరమీద కుదరదు. హీరో చివరికి వెళ్లి లొంగిపోతాడు.

ఇలా తలుపు మూసేసిన కథకు ఏడేళ్ల తర్వాత అదే జీతూ జోసెఫ్ రెండో భాగం రాశాడు. 2020లో కరోనా జాగ్రత్తల నడుమ షూటింగ్. 2021 ఫిబ్రవరి 19న విడుదల, థియేటర్లలో కాదు, అమెజాన్ ప్రైమ్‌లో. నెలల తరబడి మూతపడి అప్పుడప్పుడే తెరుచుకున్న కేరళ థియేటర్ల వాళ్లు నొచ్చుకున్నారు. అందులోని చమత్కారం ఎవరి కంటా పడకుండా పోలేదు: మొదటి భాగంలో కేబుల్ ఆపరేటరుగా ఉన్న హీరో రెండో భాగంలో సినిమా హాలు యజమాని అయ్యాడు, ఆ సినిమా మాత్రం హాలు మొహం చూడకుండా ఇంటి తెరకే వచ్చింది.

రెండో భాగం మొదలయ్యే తీరు ఒక్కటి చాలు, రాసినవాడి సత్తా తెలియడానికి. చీకట్లో ఒకడు పరిగెడుతుంటాడు. పేరు జోస్. బావమరిదిని చంపి పారిపోతున్నాడు, వెనక పోలీసులు. దారిలో కడుతున్న భవనం ఒకటి కనిపిస్తే గోడ పక్కన నక్కుతాడు. లోపలినుంచి ఎవరో బయటికి వస్తారు, చేతిలో పార. మొదటి సినిమా ఆఖరి దృశ్యమే ఇది. మనం ఒక్కళ్లమే చూశామనుకున్నాం. ఆ రాత్రి ఇంకొకడు కూడా చూశాడు.

సీక్వెల్ అంటే పాత కథకు కొత్త గది కట్టడమని చాలామంది అనుకుంటారు. జీతూ జోసెఫ్ కొత్త గదేమీ కట్టలేదు. పాత ఇంట్లోనే, మనం చూసుకోని ఒక కిటికీ తెరిచాడు. మొదటి భాగాన్ని ఎక్కడా చెరపలేదు, ఇది కల, అది అబద్ధం అనలేదు. అందులో ఉన్న ఫ్రేమునే పక్కనుంచి చూపించాడు. రెండో భాగం మొత్తంలో ఇంతకు మించిన ఆలోచన లేదు. అది సినిమా మొదలైన కొద్ది నిమిషాలకే అయిపోతుంది. మిగతాదంతా దాని ఫలితం.

ఆరేళ్లు గడిచాయి. జార్జ్‌కుట్టికి హాలు ఉంది, డబ్బుంది, సినిమా తీయాలన్న కోరిక ఉంది, కొత్తగా తాగుడు కూడా ఉంది. అంజుకు పోలీసు జీపు చూస్తే ఒళ్లు బిగుసుకుపోయి ఫిట్స్ వస్తాయి. రాణికి మొగుడు ఏమి ఆలోచిస్తున్నాడో తెలియదు. శవం ఎక్కడుందో అతను ఇప్పటికీ చెప్పలేదు. ఊరు కూడా మారింది, ఇది రెండో భాగంలో మెచ్చుకోవలసిన సంగతి. మొదటి భాగంలో చిన్నపిల్లను కొట్టారని పోలీసుల మీద తిరగబడిన ఊరే, ఇప్పుడు టీ కొట్టులో కూర్చుని ఆ పిల్ల గురించీ, ఆ కుర్రాడి గురించీ, ఆ రాత్రి గురించీ నానా రకాలుగా మాట్లాడుతుంది. అతను కష్టంలో ఉన్నప్పుడు మనవాడు. నాలుగు రాళ్లు వెనకేసుకోగానే, ఏం చేసి సంపాదించాడో అన్నారు. పల్లె మనస్తత్వం తెలిసినవాడు తప్ప ఇది రాయలేడు. తెలుగు ఊళ్లలో రచ్చబండ దగ్గర కూర్చున్నవాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు.

వయసు కూడా ఈ సినిమాకు ఒక పాత్రే. మేకప్‌తో తెల్లవెంట్రుకలు అంటించి ఆరేళ్లు గడిచాయని నమ్మించవలసిన అవసరం రాలేదు. అప్పటి పాప ఎస్తేర్ నిజంగానే పెద్దదయింది. దెబ్బలు తిన్న పసిముఖం గుర్తున్నవాడికి, సెలవులకు ఇంటికొచ్చిన ఆ కాలేజీ వయసు అమ్మాయిని చూడగానే, ఈ ఇంటి మీదుగా ఎంత కాలం గడిచిందో చెప్పకుండానే తెలుస్తుంది. రెండు భాషల్లో రెండు భాగాల్లోనూ భార్య మీనాయే. జార్జ్‌కుట్టికీ రాంబాబుకీ ఆవిడే. నాలుగుసార్లు అదే భయం నటించినా, మలయాళం రెండో భాగంలో ఆవిడ మొహంలో ఒక విసుగు కనిపిస్తుంది, మొదటి భాగంలో అది లేదు. నేరంతో కాపురం చేసి అలిసిపోయిన విసుగు.

ఆ విసుగే ఆమెను పక్కింటి సరిత దగ్గరికి తోసింది. తాగొచ్చి కొట్టే మొగుడితో బాధపడుతున్న పక్కింటి అమ్మాయికి రాణి ఒకరోజు మనసు విప్పుకుంటుంది. ఆ మొగుడూ పెళ్లాలు ఇద్దరూ మారువేషంలో ఉన్న పోలీసులు. నెలల తరబడి ఆ తాగుడూ ఆ దెబ్బలూ నాటకమే! మొదటి భాగంలో పోలీసులు కొట్టి అడిగారు. ఇప్పుడు గోడ అవతల కాపురం పెట్టి, వింటూ కూర్చున్నారు.

చిక్కల్లా ఇక్కడే మొదలవుతుంది. మొదటి భాగంలో పోలీసుల ఎదుట మనకు ద్వేషించడానికి సహదేవన్ ఉన్నాడు. రెండో భాగంలో అతను లేడు. కొత్త ఐజీ థామస్ బాస్టిన్‌గా మురళీ గోపీ. గొంతు పెంచడు, తెలివైనవాడు, ఎదుటివాడి తెలివిని లోలోపల మెచ్చుకునేవాడు. (మురళీ గోపీ రచయిత కూడా, మోహన్‌లాల్ ‘లూసిఫర్’ రాసింది ఆయనే.) గీత ఇప్పుడు అధికారి కాదు, కొడుకును పోగొట్టుకున్న తల్లి మాత్రమే. ఆమె భర్త ప్రభాకర్ ఒకటే అడుగుతాడు: కేసు సంగతి వదిలెయ్, మా వాడి అస్థికలు ఇవ్వు, కర్మ చేసుకుంటాం. ఆ మాట విన్న తర్వాత ప్రేక్షకుడు జార్జ్‌కుట్టి పక్షాన నిలబడాలంటే మనసు కాస్త గట్టి చేసుకోవాలి. రెండో భాగం మొదటిదానికన్నా పెద్దమనిషి సినిమా. అందుకే మొదటిదంత ఊపు దానికి లేదు. హాల్లో చప్పట్లు కొట్టించే కోపం ఒకటుంటుంది, అది ఈ కథలో ఎవరి మీదా నిలవదు.

ఇక పథకం. జోస్ జైలునుంచి వచ్చి, తాను చూసింది పోలీసులకు చెప్పాడు. స్టేషన్ గచ్చు తవ్వారు. అస్థిపంజరం దొరికింది. కూతుర్ని మళ్లీ పోలీసుల ముందు కూర్చోబెట్టి అడుగుతుంటే చూడలేక జార్జ్‌కుట్టి నేరం తనమీద వేసుకున్నాడు. అంతా అయిపోయిందనుకుంటుండగా కోర్టులో డీఎన్ఏ నివేదిక: ఆ ఎముకలు వరుణ్‌వి కావు. అప్పుడు సినిమా రచయిత వినయచంద్రన్ రంగంలోకి వస్తాడు. ఈ వేషం వేసిన సాయికుమార్ మన డైలాగ్ కింగ్ సాయికుమార్ కాదు, మలయాళ నటుడు. జార్జ్‌కుట్టి తనతో రాయించుకున్న కథ ముగింపు ఇదీ అని ఆయన చెప్పుకుపోతాడు. కాటికాపరిని మచ్చిక చేసుకుని, అదే వయసు, దెబ్బ కూడా అలాంటిదే ఉన్న ఒక కుర్రాడి అస్థిపంజరాన్ని ఏళ్ల తరబడి దాచి ఉంచడం. వైద్య కళాశాలలో ఫోరెన్సిక్ విభాగం కాపలాదారుతో తాగుడు స్నేహం. ఎప్పటికో తవ్వుతారని ముందే ఊహించి, తవ్విన రాత్రి ఎముకలు మార్చేయడం.

వింటున్నప్పుడు నోరు తెరుచుకునే ఉంటుంది. పొద్దున్నే లేచి టీ తాగుతూ ఆలోచిస్తే కాస్త మూసుకుంటుంది. ఆ కాపలాదారు ఆ రోజే డ్యూటీలో ఉండకపోతే? కాటికాపరి తాగి ఎవరితోనో ఒక్క మాట అనేస్తే? అస్థిపంజరాన్ని తరలించే దారి మారిపోతే? మొదటి భాగంలో జార్జ్‌కుట్టి జరిగిన ప్రమాదాన్ని సర్దుకున్నాడు, రెండో భాగంలో జరగబోయేవన్నీ ఆరేళ్ల ముందే చూసేశాడు. కేబుల్ ఆపరేటరుగా ఉన్నప్పుడు అతను మనలో ఒకడు. ఇప్పుడు జాతకం చెప్పే సిద్ధాంతి. విలేకరులు ‘దృశ్యం 2 తరహాలో’ అని రాయలేకపోవడానికి ఇదొక కారణం. ఆ తరహాలో చేయడానికి ఇంకో అస్థిపంజరం కావాలి, ఒక సినిమా హాలు కావాలి, ఆరేళ్ల ఓపిక కావాలి.

ఇంకో తేడా కథ చెప్పే పద్ధతిలోనే ఉంది. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఉత్కంఠకూ ఆశ్చర్యానికీ తేడా చెప్పడానికి బల్ల కింద బాంబు ఉదాహరణ ఇచ్చేవాడు. బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల మామూలు కబుర్లు కూడా గుండె దడ పుట్టిస్తాయి. తెలియకుండా పేలితే ఉలికిపాటు మాత్రమే, అదీ కొన్ని క్షణాలు. మొదటి ‘దృశ్యం’లో ప్రేక్షకుణ్ణి పథకంలో పాలుపంచుకోనిచ్చారు. అను చిన్నపిల్ల, నోరు జారుతుందేమోనని మనం వణికాం. శవం ఎక్కడుందన్న ఒక్క ముక్క మాత్రం దాచి, చివర్లో చేతిలో పెట్టారు. రెండో భాగంలో పథకమంతా దాచేశారు. జార్జ్‌కుట్టి ఓడిపోతున్నాడని చూపించి, చివర్లో ఒక రచయిత నోటి వెంట మొత్తం కుమ్మరించారు. పేరు ‘దృశ్యం’. అసలు రహస్యం మాత్రం కళ్లకు కన్నా చెవులకే ఎక్కువ అందింది. రేడియోలో ఈ మాట ఫిర్యాదుగా చెప్పడం కొంచెం ఇబ్బందే గానీ, చెప్పక తప్పదు.

దీన్ని పరీక్షించి చూసుకునే అవకాశం తెలుగు ప్రేక్షకుడికి దొరికింది. 2014లో వెంకటేశ్ సినిమాకు వెళ్లినవాళ్లలో మలయాళం చూసినవాళ్లు కొద్దిమంది. అప్పటికి ఇతర భాషల సినిమాలు ఫోనులోకి రాలేదు. కథ తెలిసి వెళ్లినవాళ్లకు కూడా తెలుగు ‘దృశ్యం’ పట్టు సడల్లేదు. కానిస్టేబుల్ చేతిలో దెబ్బలు తిన్న వెంకటేశ్ తిరిగి ఒక్క దెబ్బ కూడా కొట్టకపోవడం మన తెరకు కొత్త. రెండో భాగం తెలుగులో 2021 నవంబరు 25న, అదీ ప్రైమ్‌లోనే వచ్చింది. ఈసారి మలయాళంలో తీసిన జీతూ జోసెఫే తెలుగులోనూ తీశాడు. ఐజీగా సంపత్ రాజ్, లాయరుగా పూర్ణ. కానీ మలయాళానికీ దీనికీ మధ్య తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని మోహన్‌లాల్‌ను చూసేసిన తెలుగు ఇళ్లు బోలెడు. ఎముకలు మారతాయని ముందే తెలిసినవాడికి కోర్టు సన్నివేశంలో మిగిలేది నటుల మొహాలే. మొదటి కథ రహస్యం పోయినా బతికింది, రెండోదానికి రహస్యమే ప్రాణం.

ఈ వాదనకు అడ్డం పడే సంగతి ఒకటుంది, దాచకూడదు. హిందీ రెండో భాగం 2022 నవంబరు 18న థియేటర్లలో వచ్చింది. మలయాళం మూలం ఇంట్లో ఇరవై ఒక్క నెలలుగా దొరుకుతూనే ఉంది. అయినా హాళ్లు నిండాయి, ఆ ఏడాది హిందీలో పెద్ద విజయాల్లో అదొకటి. దానికి అందులో పోలీసు అధికారిగా చేసిన అక్షయ్ ఖన్నా కారణమో, హాల్లో నలుగురితో కలిసి చూడటంలోని మజా కారణమో గానీ, రహస్యం తెలిసినా జనం టికెట్టు కొన్నారు. లేదా, హిందీ ప్రాంతంలో మలయాళం చూసినవాళ్లు మనం అనుకున్నంతమంది లేరేమో. సినిమా వ్యాపారం ఎవరి సిద్ధాంతానికీ పూర్తిగా లొంగదు.

నేరకథకు రెండో భాగం తీసి మెప్పించినవాళ్లు లేరని కాదు. 1974లో వచ్చిన ‘గాడ్‌ఫాదర్’ రెండో భాగం ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలిచింది, ఆ బహుమతి అందుకున్న మొదటి సీక్వెల్ అదే. కానీ అక్కడ తండ్రి గతం ఉంది, కొడుకు పతనం ఉంది, రెండు తరాల చరిత్ర ఉంది. మన దగ్గర ‘హిట్’ వరస నడిపిన శైలేష్ కొలను ఇంకో దారి పట్టాడు: రెండో కేసుకు ఊరు మార్చాడు, హీరోను మార్చాడు. పాత కథ జోలికి పోకపోతే పాతది పాడయ్యే భయం లేదు. జీతూ జోసెఫ్‌కు ఆ రెండు వెసులుబాట్లూ లేవు. అదే ఇల్లు, అదే శవం, అదే ఊరు.

ఆ ఇరుకులోంచి అతను తీసిన గొప్ప సంగతి శిక్ష. మొదటి భాగం చూసి, తప్పించుకున్నాడు కదా అని ఊరట పడ్డవాళ్లకు, తప్పించుకున్నవాడి ఇల్లు ఎలా ఉంటుందో రెండో భాగం చూపించింది. రాత్రి చప్పుడైతే లేచి కూర్చునే కూతురు. దేనికీ సూటిగా జవాబు చెప్పని మొగుడు. చైనా సినిమా హీరోను జైలుకు పంపింది. జీతూ జోసెఫ్ ఇంట్లోనే ఉంచాడు. చివర్లో జడ్జి తన గదిలో ఐజీతో మాట్లాడతాడు. ఇలా తేలకుండా మిగిలే కేసులు ఉంటాయంటాడు. తన కుటుంబాన్ని కాపాడుకోవడానికి జీవితాంతం కాపలా కాసే మనిషిని ఇంకేం చేస్తామన్న ధోరణి ఆ మాటల్లో ఉంటుంది. పథకంలో ఎన్ని అతుకులు కనిపించినా, ఈ గది సన్నివేశంలో అతుకు కనబడదు.

తెలుగులో రచయిత వేషం తనికెళ్ల భరణికి ఇవ్వడం తెలిసి చేశారో తెలియక చేశారో గానీ, బాగా అమరింది. ‘లేడీస్ టైలర్’కూ ‘శివ’కూ మాటలు రాసిన మనిషి, కెమెరా ముందు కూర్చుని, ఇంకొకడి కథ ముగింపును పోలీసులకు చెబుతుంటాడు. కథ చెప్పడం అలవాటున్న గొంతు కాబట్టి ఎముకల మార్పిడి కూడా కాసేపు నమ్మబుద్ధేస్తుంది. సాయికుమార్ కంగారును ఎక్కువగా చూపాడు, భరణి ఒక చిన్న గర్వాన్ని దాచుకోలేకపోయాడు, ఎంతైనా కథ బాగుంది కదా అన్నట్టు.

ఇక మిగిలింది ప్రభాకర్ అడిగిన అస్థికలు. కోర్టులో కేసు వీగిపోయాక, ఎవరు పంపారో చెప్పకుండా, కొడుకు బూడిద ఆ తల్లిదండ్రుల చేతికి అందుతుంది. వాళ్లిద్దరూ నీళ్లలో కలుపుతారు. సహదేవన్ మీద ఉన్నంత కోపం మనకు మొదటి భాగంలో గీత మీద కూడా ఉండేది. ఇప్పుడామె ఖాళీ చేతులతో నిలబడి ఉంది. జార్జ్‌కుట్టి దూరం నుంచి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. ఈసారి అతని చేతిలో పార లేదు.